వెనక డ్రమ్ బ్రేక్ తొక్కితే పట్టడం లేదు, లైనర్లు మాత్రం బాగున్నాయంటున్నారు

మన్యం బండి:
నాది 100 సీసీ బండి, 2016 మోడల్, వెనక డ్రమ్ బ్రేక్. వెనక పసుపు బస్తా కట్టుకుని పాడేరు నుంచి మాడుగుల వైపు ఘాట్ దిగుతుంటాను. కొన్నాళ్లుగా వెనక బ్రేక్ సరిగా పట్టడం లేదు. పెడల్ లూజుగా ఏమీ లేదు, గట్టిగానే ఉంది. ఎంత తొక్కినా బండి మాత్రం ముందుకు జారుతూనే ఉంటుంది. పొద్దున్నే కాస్త నయం, సగం ఘాట్ దిగేసరికి దాదాపు ఏమీ ఉండదు. ఈమధ్యే చైన్ టైట్ చేయించాను. షెడ్డులో లైనర్లు (డ్రమ్‌ని ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) బాగున్నాయన్నారు, బ్రేక్ రాడ్ నట్టు బిగించి పంపారు. తేడా లేదు. సంత లేని రోజు ఇదే బండి మీద నా భార్య, పాప వస్తారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలి?

గాజువాక నుంచి:
పెడల్ నుంచి వెనక చక్రానికి వెళ్లే బ్రేక్ రాడ్ చివర నట్టు ఇంకో రెండు చుట్లు బిగించి చూడండి బ్రదర్. నా బండికి దాంతోనే సరిపోయింది.

షెడ్డు మేస్త్రి, నర్సీపట్నం:
తమ్ముడూ, ఆ నట్టు ఇంక బిగించొద్దు. పెడల్ లోపలికి దిగిపోతుంటే నట్టు బిగించాలి. నీ పెడల్ గట్టిగా ఉందంటున్నావు కదా, అంటే లైనర్ డ్రమ్‌ని తాకుతోంది, కానీ పట్టు లేదు. ఇది వేరే జబ్బు.

నాకు అనుమానం ఆ చైన్ పని మీదే. చైన్ టైట్ చేస్తే చక్రం వెనక్కి జరుగుతుంది. రాడ్ పొడవు అంతే ఉంటుంది కాబట్టి బ్రేక్ దానంతటదే బిగుసుకుంటుంది. అప్పుడు నట్టు వదులు చేయాలి. మీవాళ్లు ఉల్టా బిగించారు. నువ్వు పెడల్ మీద కాలు పెట్టకపోయినా లైనర్ రాసుకుంటూనే ఉంది. దాని మీద ఘాట్ వేడి. అలా కాలిన లైనర్ పైపొర గట్టిపడి నున్నగా అయిపోతుంది. మందం చూసినవాడికి బాగానే కనిపిస్తుంది, అందుకే బాగున్నాయన్నారు.

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పు. తేలిగ్గా తిరగాలి. కాస్త తిరిగి ఆగిపోతే రాసుకుంటున్నట్టే. పెడల్ చివర 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట, అంటే బ్రేక్ అందుకునే ముందు ఖాళీగా కదిలే దూరం, ఉండాలి. చాలా కమ్యూటర్ బళ్లకు ఇదే లెక్క, నీ బండి పుస్తకంలో కూడా చూసుకో. తర్వాత బ్రేక్ ప్లేటు మీద చూడు. లోపల తిరిగి లైనర్లను డ్రమ్ మీదికి నెట్టేది క్యామ్, దాన్ని తిప్పేది బయట ఉండే లివర్. ఆ లివర్ దగ్గర బాణం గుర్తు ఉంటే, పూర్తిగా తొక్కినప్పుడు అది ప్లేటు మీది గీతకు చేరిందంటే లైనర్ అయిపోయినట్టే. కొందరు లివర్ ఊడదీసి పళ్లు మార్చి వెనక్కి బిగిస్తారు. దయచేసి ఎవరితోనూ ఆ పని చేయించుకోకు. అరిగిన లైనర్‌తో క్యామ్ పూర్తిగా తిరగబడితే బ్రేక్ పట్టేసి చక్రం ఆగిపోతుంది.

ఇక చక్రం విప్పాల్సిందే. దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడువు. మెరుపు పైపైనే ఉంటే సాండ్ పేపర్‌తో రుద్దితే పోతుంది. గ్రీజు పట్టి ఉంటే మాత్రం పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయకు, కొత్తవి వెయ్యి. డ్రమ్ లోపల గరిష్ఠ వ్యాసం రాసి ఉంటుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ అయితే మామూలుగా 131. అంతకు మించి అరిగితే కొత్త లైనర్లు కూడా సరిగా ఆనవు. క్యామ్ బయటికి లాగి తుప్పు తీసి, వేడికి తట్టుకునే గ్రీజు పలచగా పూసి, మిగిలింది తుడిచెయ్యి.

బిగించేటప్పుడు ఒకరిని పెడల్ తొక్కి పట్టుకోమని, అప్పుడు చక్రం ఇరుసు (యాక్సిల్) నట్టు టైట్ చెయ్యి. లైనర్లు డ్రమ్ మధ్యలో సర్దుకుంటాయి. బ్రేక్ ప్లేటు తిరిగిపోకుండా పట్టి ఉంచే కడ్డీ ఉంటే, దాని బోల్టు, స్ప్లిట్ పిన్ మరిచిపోకు. అది ఊడితే ప్లేటే తిరిగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

తుని రైడర్:
మేస్త్రి గారు చెప్పింది చదివి తమ బండి విప్పబోయేవాళ్లకు ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బళ్లకు సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే పద్ధతి) లేదా ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే పద్ధతి) తప్పనిసరి చేశారు. ఏబీఎస్ లేని ఆ బళ్లలో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేక్ కూడా పడుతుంది. వాటి అడ్జస్ట్‌మెంట్ పుస్తకంలో ఉన్నట్టే చేయాలి, అంచనా మీద నట్లు తిప్పొద్దు.

మన్యం బండి:
మేస్త్రి గారూ, మీరన్నట్టే ఉంది. చక్రం అర చుట్టు కూడా తిరగలేదు. విప్పితే లైనర్లు అద్దంలా మెరుస్తున్నాయి, ఒకదాని అంచున గ్రీజు. క్యామ్ ఎండిపోయి తుప్పు పట్టింది. డ్రమ్ 131 లోపే ఉంది. కొత్త లైనర్లు వేయించి, నట్టు వదులు చేయించి, పెడల్ ఆట 25కి పెట్టించాను. చక్రం ఇప్పుడు తేలిగ్గా తిరుగుతోంది. కానీ బ్రేక్ ఇంకా పూర్తిగా పట్టడం లేదు. మళ్లీ విప్పాలా?

షెడ్డు మేస్త్రి, నర్సీపట్నం:
విప్పొద్దు. కొత్త లైనర్ మొత్తం ఒకేసారి డ్రమ్‌ని ఆనదు, కొంత తిరిగాకే సర్దుకుంటుంది. అప్పటిదాకా బస్తా వేసుకుని ఘాట్ ఎక్కకు, కింద చదును రోడ్డు మీద ఖాళీ బండితో తిరుగుతూ మెల్లగా ఆపుతూ ఉండు. సర్దుకున్నాక పెడల్ ఆట ఇంకోసారి కొలువు, కాస్త పెరిగి ఉంటుంది.

తర్వాత కూడా ఘాట్ దిగేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి ఉంచకు. సెకండ్ గేర్‌లో దిగు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. న్యూట్రల్ వద్దు, ఇంజన్ ఆపడం అసలే వద్దు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేసి, వేగం తగ్గాక వదిలెయ్. బండి ఆపేటప్పుడు బరువు ముందుకు పడుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకే చేస్తుంది. ఎటూ వెనకది విప్పావు కాబట్టి ముందు బ్రేక్ కేబుల్, లైనర్లు కూడా ఈ వారమే చూపించు. మీ ఇంటివాళ్లను ఎక్కించుకునేది ఆ తర్వాతే.