గంగజాతరలో తోటి (ఊరి నౌకరు) వేషం మొక్కు గురించి పెద్దలెవరైనా చెప్తారా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతే, బెంగళూరులో స్థిరపడ్డాం. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే, పిల్లోడికి తోటి వేషం వేయిస్తానని మా అవ్వ మా ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుందంట. అది తీరకుండానే అవ్వ పోయింది. వచ్చే మేలో జాతరకు వచ్చి తీర్చుకోవాలని ఉంది.

కథ తెలుసు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడి కోసం అవిలాలలో పుట్టిన గంగమ్మ బైరాగిగా, బండగా, తోటిగా రోజుకో వేషంలో వెతికిందని, దొర వేషం చూసి వాడు బయటికొస్తే తల నరికిందని అవ్వ వందసార్లు చెప్పింది. బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం పూసుకుంటారు కదా. పాలెగాణ్ని బూతులు తిట్టే చోటికి వచ్చేసరికి మాత్రం అవ్వ గొంతు తగ్గించేది, నాకేమో అదే ఇష్టం!

నా సందేహం ఏంటంటే, పిల్లాడి పేరు మీద మొక్కింది నలభై ఏళ్లొచ్చాక నేనే తీర్చొచ్చా, లేక మా అబ్బాయికి వేయించాలా? బొగ్గు ఇంట్లోనే నూరుకుంటారా? వేపాకు దండ తప్పనిసరా? పొద్దున ఎన్ని గంటలకు వస్తే రద్దీ తక్కువ?

ఇంకోటి. పాలెగాడు చచ్చాక అతని భార్యను ఓదార్చడానికి గంగమ్మ మాతంగి వేషంలో వెళ్లిందంటారు. చంపినామే పోయి ఓదార్చడం నన్ను ఇప్పటికీ వదలట్లేదు. ఆ భాగం మీ ఇళ్లలో ఎలా చెప్పేవాళ్లో కాస్త వివరంగా రాయండి.