మన తోతాపురి మామిడి రేటుకీ ఢిల్లీ విదేశాంగ విధానానికీ లింకు ఉందా?

దామలచెరువు రైతుబిడ్డ:
2025 సీజన్లో తోతాపురి ఎట్లా పడిపోయిందో జిల్లాలో అందరికీ తెలుసు, పల్ప్ (మామిడి గుజ్జు) ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్లు లైన్లో నిలబడి కింది కాయలు మెత్తబడి రసం కారిపోతా ఉంటే చూడలేకపోయినాం. కేజీ 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, గవర్నమెంటు 4 అన్నారు. ఎక్స్‌పోర్ట్ తగ్గింది, పాత పల్పే డ్రమ్ముల్లో ఉండాది, యుద్ధాలు అని చెప్పినారు. యాడో యెమెన్‌లో మిసైల్ వేస్తే ఇక్కడ కాయ రేటు పడేదేంది అన్నా? దేశాలు వ్యాపారం చూసుకునే స్నేహాలు చేస్తాయా?

తిరుపతి వాసి:
లింకు ఉంది బ్రో. మన పల్ప్ ఎక్కువగా పోయేది సౌదీ, యెమెన్, నెదర్లాండ్స్ లాంటి చోట్లకే. 2023 నవంబర్ నుంచి ఇరాన్ అండ ఉన్న యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద పడ్డారు, సూయజ్ కాలువ దారి వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి యూరప్ పోవాల్సి వచ్చింది, రెండు వారాల దాకా లేటు, కంటైనర్ కిరాయి ఎక్కడికో పోయింది. అప్పుడు అమెరికా పెట్టిన నౌకాదళ కూటమిలో మనం చేరలేదు, సొంతంగా నేవీ ఓడలు పంపినాం, 2024 జనవరిలో విదేశాంగ మంత్రి జైశంకర్ ఇరాన్ రాజధాని టెహ్రాన్ పోయి మాట్లాడొచ్చారు. గల్ఫ్‌లో మన ఆయిల్ ఉంది, మనోళ్ళ జీతాలున్నాయి, ఇరాన్‌లో మనం డబ్బు పెట్టిన చాబహార్ పోర్టు ఉంది, ఒక పక్కకి ఒరిగితే ఇంకో పక్క దెబ్బ.

శ్రీసిటీ ఉద్యోగి:
అంతా వ్యాపారమే అంటే నేను ఒప్పుకోను. 2020లో చైనా పెట్టుబడులకి గేటు బిగించినాం, సరిహద్దులో గల్వాన్ కాడ చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత టిక్‌టాక్ బ్యాన్ చేసినాం. కానీ 2023-24లో చైనా నుంచి దిగుమతులు 100 బిలియన్ డాలర్లు దాటినాయి, ఎందుకంటే ఫోన్లకీ టీవీలకీ కావాల్సిన పార్టులు అక్కడ్నుంచే రావాలి. సైన్యం సరిహద్దులో ఎదురెదురుగా నిలబడినా కంటైనర్లు ఆగలేదు.

పలమనేరు పాడిరైతు:
నాకు అసలు విషయం ఇంకోటి అనిపిస్తాది. ఎవురి వ్యాపారం అనేది చూడండి. 2019 నవంబర్‌లో బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వ్యాపార ఒప్పందం నుంచి మనం బయటికొచ్చేసినాం, న్యూజిలాండ్ పాలపొడి వస్తే మా పాడి మునుగుతాదని దేశమంతా పాలరైతులు గొడవ చేసినారు, అదీ ఒక కారణమే. 2025 ఆగస్టులో రష్యా ఆయిల్ పేరు చెప్పి ట్రంప్ సుంకం 50 శాతానికి పెంచినా డెయిరీ మార్కెట్ తెరిచేది లేదని మన వాళ్ళు గట్టిగా నిలబడినారు. పాలోళ్ళకి ఊరూరా సంఘం ఉంది, నోరుంది. మామిడోళ్ళం సీజన్ అయిపోతే ఎవురి దారి వాళ్ళం. ఒప్పందం మాట్లాడేటప్పుడు పల్ప్ సంగతి ఎవురు గుర్తుచేస్తారు?

దామలచెరువు రైతుబిడ్డ:
ఇది నిజం అన్నా, నేను ఈ కోణంలో ఆలోచించలా. మా ఊళ్ళో రైతుల్ని కూర్చోబెట్టి మాట్లాడతా. మన పల్ప్ మీద బయటి దేశాలు వేసే సుంకాల గురించి అర్జీ పెట్టాలంటే అపెడాకి (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) పెట్టాలా, ఎంపీ ద్వారా కేంద్ర వాణిజ్య శాఖకి పంపాలా? తెలిసినోళ్ళు చెప్పండి.