బతకాలని లేదని విద్యార్థి చెబితే ఇంటికి ఫోన్ చెయ్యాలా?

లెక్చరర్_విజయవాడ:
ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ తయారుచేసిన ముసాయిదా రూలు చూశాను. కౌన్సెలింగ్ సెల్‌కు వచ్చిన విద్యార్థి ఆత్మహత్య ఆలోచన గురించి నోరు విప్పితే 24 గంటల్లోగా తల్లిదండ్రులకు చెప్పాలట. వాళ్లొచ్చి సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లాలి. డాక్టరు ‘ఫిట్’ అని రాసిస్తేనే మళ్లీ హాస్టల్లోకి రానిస్తారు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. వంద మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలి. సరే, పెడతారు. ఆ గదిలో చెప్పిన మాట ఎక్కడిదాకా పోవాలన్నదే నా ప్రశ్న. ఈ రూలు ఉండాలా, వద్దా?

హాస్టల్_వార్డెన్:
ఉండాలి. కౌన్సెలర్ ఐదింటికి ఇంటికి వెళ్లిపోతారు. రాత్రి రెండింటికి ఆ పిల్లాడు ఉండేది మా బ్లాకులో, ముగ్గురు రూమ్మేట్ల మధ్య. రాత్రి వాచ్‌మన్‌కు ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో కూడా తెలియదు. రేపు జరగరానిది జరిగితే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట, ‘తెలిసీ మాకెందుకు చెప్పలేదు?’ దానికి జవాబేది? కడుపున పుట్టిన బిడ్డ గురించి తెలుసుకునే హక్కు వాళ్లకు లేదంటే నేను ఒప్పుకోను.

సైకాలజిస్ట్_విశాఖ:
వార్డెన్ గారూ, రాత్రి సంగతి మీరన్నది నిజం. దానికి తర్వాత వస్తాను. కానీ ఈ రూలు నోటీసు బోర్డు ఎక్కిన వారంలోనే కౌన్సెలింగ్ గదిలో ఆ మాట వినిపించడం ఆగిపోతుంది. విద్యార్థులు వస్తారు, ‘నిద్ర పట్టట్లేదు సార్, చదువు మీద మనసు నిలవట్లేదు’ అంటారు, అంతటితో ఆపేస్తారు. ప్రమాదం అలాగే ఉంటుంది, అది మన చెవిన పడే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఈ రూలు మూడు వేర్వేరు పరిస్థితులను ఒకే గాటన కట్టేసింది. ‘పడుకుంటే మళ్లీ లేవకపోతే బాగుండు’ అనిపించడం ఒకటి. చచ్చిపోవాలన్న ఆలోచన తరచూ వస్తున్నా ఎలా, ఎప్పుడు అన్నది లేకపోవడం రెండోది. ఎలాగో అనుకుని, ఎప్పుడో నిర్ణయించుకుని, అందుకు సిద్ధపడుతూ ఉండటం మూడోది. ఏ మెట్టు మీద ఉన్నారో తెలియాలంటే సూటిగా అడగాలి: ‘చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా? ఎలా అన్నది అనుకున్నావా? ఎప్పుడైనా ప్రయత్నించావా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం చాలామందికి ఉంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

మూడో మెట్టులో ఉంటే విద్యార్థి ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా ఆ రోజే ఇంటివాళ్లకో, విద్యార్థి నమ్మే మరో పెద్దకో చెప్పాల్సిందే, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఒంటరిగా వదలకూడదు. గతంలో ప్రయత్నం చేసినవాళ్లు మొదటి రెండు మెట్లలో కనిపించినా ఒక మెట్టు పైనే ఉన్నట్టు చూడాలి. మిగతావాళ్ల విషయంలో విద్యార్థిని ఒప్పించి, తన ఎదుటే ఫోన్ చెయ్యాలి.

న్యాయవాది_హైదరాబాద్:
చట్టం ఏమంటుందో చెబుతాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 23 గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం తప్పించడానికి ‘అవసరమైనంత సమాచారం మాత్రమే’ బయటపెట్టొచ్చని అందులోనే మినహాయింపు ఉంది. ఆ ‘మాత్రమే’ను ఈ ముసాయిదా మర్చిపోయింది. ప్రేమ వ్యవహారం, బ్యాక్‌లాగులు, రూమ్మేట్‌తో గొడవ ప్రాణాపాయం తప్పించడానికి అవసరమైన సమాచారంలోకి రావు. కాలేజీ కౌన్సెలర్లందరూ ఈ సెక్షన్ కిందికి వస్తారా అని వాదించేవాళ్లుంటారు కాబట్టి కాలేజీ తన రాతపూర్వక విధానంలోనే ఇదే హద్దు గీసుకోవాలి.

పద్దెనిమిది నిండనివాళ్ల లెక్క వేరు. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది మైనర్లే, సంరక్షకులకు చెప్పాలి. ఇంట్లోనే లైంగిక వేధింపు ఉందని పిల్ల చెబితే మాత్రం ఆ ఇంటికి ఫోన్ చెయ్యడం ఆ పిల్లను మళ్లీ వాళ్లకే అప్పగించినట్టు. అక్కడ పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలియజెయ్యడం తప్పనిసరి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు కూడా ఫోన్ చెయ్యొచ్చు.

ఇంకొకటి. ప్రయత్నం చేసిన పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందని కొన్ని యాజమాన్యాలు ఇంకా జంకుతున్నాయి. పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115, ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ శిక్షించకూడదనీ 2018 నుంచే చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309 లాంటి సెక్షన్ లేదు. ఆలస్యం చెయ్యడానికి ఈ సాకు ఇక పనికిరాదు.

హాస్టల్_వార్డెన్:
మైనర్ల మాట బాగుంది. పంతొమ్మిదేళ్లవాడి సంగతే తేలలేదు. మీరు చెప్పిన మెట్లు నిర్ణయించేది ఎవరు? తప్పు లెక్కేస్తే బాధ్యత ఎవరిది? హామీ పత్రం రాయించుకోవడం ఒక్కటే ప్రస్తుతం మా చేతిలో ఉంది.

సైకాలజిస్ట్_విశాఖ:
ఆ హామీ పత్రం దయచేసి మానెయ్యండి. ‘నేను ఎలాంటి అఘాయిత్యం చేసుకోనని హామీ ఇస్తున్నాను’ అని సంతకం పెట్టించుకుంటే కాగితం ఫైల్లో ఉంటుంది, బాధ పిల్లాడి దగ్గరే ఉంటుంది. పైగా మాట తప్పానన్న సిగ్గుతో రెండోసారి మన దగ్గరికి రాడు.

దాని బదులు సేఫ్టీ ప్లాన్ రాయాలి. ఒకే పేజీ, విద్యార్థి మాటల్లోనే, అరగంట నుంచి ముప్పావుగంట పని. ఆలోచనలు ముదిరే ముందు తనలో కనిపించే గుర్తులు, ఒంటరిగా ఉన్నప్పుడు తను చెయ్యగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగ్గ ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు, వృత్తి నిపుణుల నంబర్లు, చుట్టూ ప్రమాదకరమైనవి లేకుండా చేసుకోవడం. ఈ ఆరూ ఉండాలి. ‘ధైర్యంగా ఉంటాను’ అని రాస్తే చాలదు. ‘సాయంత్రం మెస్ మూసేలోపు ఫలానా వాడితో కలిసి భోంచేస్తాను’ అన్నంత వివరంగా ఉండాలి. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోమనండి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో ఈ ప్లానుతోపాటు తర్వాత ఫోన్లు చేసి వాకబు చేసినప్పుడు ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు సగానికి తగ్గిందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆ తర్వాతి ఫోన్లే మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోతాయి. మర్నాడు ఒకటి, వారంలోగా ఇంకొకటి తప్పనిసరి.

మెట్టు నిర్ణయించేది కౌన్సెలర్, సందేహముంటే పై మెట్టే లెక్క. రాత్రిపూట కౌన్సెలర్ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఇరవై నాలుగ్గంటలూ తెలుగులో మాట్లాడతారు. విద్యార్థే చెయ్యాలని లేదు, ‘నా బ్లాకులో ఒకబ్బాయి ఇలా అంటున్నాడు, ఏం చెయ్యమంటారు?’ అని మీరూ చెయ్యొచ్చు. అప్పటికే ప్రమాదం జరుగుతుంటే 108. మీకు రోగ నిర్ధారణ తెలియక్కర్లేదు, ఈ రాత్రి ఎవరిని ఒంటరిగా వదలకూడదో తెలిస్తే చాలు. ఆ ఒక్క ముక్క వార్డెన్‌కు చేరవేస్తానని విద్యార్థికి ముందే చెప్పి చేరవెయ్యాలి.

పీజీ_ప్రతినిధి:
రూల్లో నాకు అన్నిటికంటే భయమేసేది ‘ఇంటికి తీసుకెళ్లాలి’ అన్నది. ఇల్లంటే క్షేమమని ఎవరన్నారు? మార్కుల గురించే అక్కడ గొడవైతే? పల్లెటూళ్లో పంట మందులు ఇంట్లోనే ఉంటే? పైగా పది రోజులు ఇంటిపట్టున ఉంటే అటెండెన్స్ 75 శాతం కిందికి జారుతుంది, డిటెయిన్ అవుతామన్న కొత్త బెంగ. కాలేజీలే ఒత్తిడి తెచ్చి, బరువు దింపుకోవడానికి పిల్లల్ని బస్సెక్కిస్తున్నాయని నేనంటాను.

సైకాలజిస్ట్_విశాఖ:
పంట మందుల సంగతి చాలా ముఖ్యం. అతి ప్రమాదకరమైన పురుగుమందులను శ్రీలంక నిషేధిస్తూ వచ్చాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. ఇంటికి పంపాల్సే వస్తే బయల్దేరేలోపే తండ్రితో మాట్లాడి వాటిని వేరేవాళ్ల దగ్గరికి చేర్పించాలి, ఇంట్లో మందుబిళ్లలు తాళం వెయ్యించాలి. అటెండెన్స్ 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే ఆ లోటును మన్నించే వీలు (కండొనేషన్) చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. డాక్టరు సర్టిఫికెట్లో జబ్బు పేరు లేకుండా ‘చికిత్సలో ఉన్నారు’ అని రాయించుకోవచ్చు.

ఫోన్ ఎలా చెయ్యాలన్నది ఏ రూల్లోనూ ఉండదు. ‘మీవాడి గురించి మాట్లాడాలి, వెంటనే రండి’ అని పెట్టేస్తే ఆ తండ్రి నాలుగ్గంటల ప్రయాణమంతా భయంతో, కోపంతో వస్తాడు. ‘మీ అబ్బాయి నా పక్కనే ఉన్నాడండీ, క్షేమంగా ఉన్నాడు. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తున్నాయని ధైర్యం చేసి చెప్పాడు. మీరొచ్చాక మార్కులు, ఫీజులు, బంధువుల మాట ఎత్తకండి. ముందు భోంచేశావా అని అడగండి, మిగతాది కలిసి మాట్లాడదాం.’ చెప్పబోయే ఈ నాలుగు మాటలూ పిల్లాడికి ముందే వినిపించి ఫోన్ చెయ్యాలి.

డల్లాస్_తెలుగు:
ఇక్కడి పిల్లలకూ ఇదే చిక్కు. పద్దెనిమిది దాటితే అమెరికా యూనివర్సిటీ మామూలుగా ఇంటికి చెప్పదు, ప్రాణాపాయం ఉన్న ఎమర్జెన్సీలో చెప్పడానికి చట్టం ఒప్పుకుంటుంది. మనవాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్లరు, క్రెడిట్లు తగ్గితే వీసా పోతుందని భయం. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు వైద్య కారణాలతో కోర్సులు తగ్గించుకునే వీలుంది, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా. లైసెన్సున్న డాక్టరు లేఖ కావాలి, కోర్సు వదిలేసే ముందే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. వదిలేశాక అడిగితే స్టేటస్ చెడుతుంది. అర్ధరాత్రి మాట్లాడాలంటే ఇక్కడి హెల్ప్‌లైన్ 988.

హాస్టల్_వార్డెన్:
మేడమ్, ఫోన్ మాటలు మా ఆఫీసులో అంటిస్తాను, హామీ పత్రాలు ఆపమని డీన్‌తో అంటాను. రెండో మెట్టు దగ్గర మాత్రం నా మాట మారలేదు. ఆలోచన తరచూ వస్తోందంటే పెద్దవాళ్లకు తెలియాలి, పిల్లాడు వద్దన్నా సరే. మూడు వందల మందికి ఇద్దరం వార్డెన్లం.

సైకాలజిస్ట్_విశాఖ:
వద్దన్నప్పుడు ఎందుకు వద్దంటున్నాడో అడగండి. చాలాసార్లు నాన్నకు వద్దంటారు, అక్కకో మేనమామకో చెప్పడానికి ఒప్పుకుంటారు. రూల్లో ‘తల్లిదండ్రులు’ అని ఉన్నచోట ‘విద్యార్థి ఎంచుకున్న పెద్ద’ అని మారిస్తే మీకూ నాకూ మధ్య తేడా సగం తగ్గుతుంది. మూడు వందల మందికి ఇద్దరన్నది కౌన్సెలర్ తీర్చేది కాదు, యాజమాన్యం మనుషుల్ని పెంచాలి. ముసాయిదాలో ఆ లైను చేర్చమని రాయండి, మీతోపాటు నేనూ సంతకం పెడతాను.