వెన్నుపాము గాయం చుట్టూ గ్లియా (నరకణాలకి తోడుండే కణాలు) కట్టే మచ్చను కరిగించాలా, వదిలెయ్యాలా?

అమలాపురం ఫిజియో:
కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం కింద చచ్చుబడిన దింపు కార్మికుల ఇళ్లల్లో ఇప్పుడు ఒకటే మాట: మచ్చను కరిగించే ఇంజెక్షన్ ఉందటగా? కరిగించాలనే నేనూ అంటాను. గాయం దగ్గర కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్లు, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్లు, పేరుకుంటాయి, పెరుగుతూ వచ్చిన ఆక్సాన్ (నరకణం పొడవాటి తీగ) కొస అక్కడే ఆగిపోతుంది. 2002లో ఎలుకల వెన్నుపాములో కాండ్రాయిటినేజ్ ఏబీసీ ఎంజైముతో వాటి చక్కెర గొలుసుల్ని తెంపితే ఆక్సాన్లు పెరిగాయి, నడకా కొంత కుదిరింది. ఇంకేం కావాలండీ?

కాకినాడ గ్లియా:
ఆయ్, తెంపింది గొలుసుల్నండీ, కణాల్ని కాదు. కణాల్ని తీసేస్తే ఏమవుద్దో 2004లోనే తేలింది. చిట్టెలుకల్లో గాయం పక్కన విభజన చెందే ఆస్ట్రోసైట్లను (మచ్చ కట్టే గ్లియా కణాలను) చంపేస్తే రక్తనాళాల అడ్డుగోడ మళ్లీ మూసుకోలేదు, తెల్లకణాలు లోపలికి చొరబడ్డాయి, ఆక్సాన్ మీది మైలిన్ పొర పోయింది, న్యూరాన్లు (నరకణాలు) ఇంకా ఎక్కువ చచ్చాయి. వరద తియ్యకముందే ఏటిగట్టుకి గండి కొట్టడం అది.

2016 నాటి యూసీఎల్ఏ (లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) పని ఇంకా సూటిగా ఉంది. మచ్చ కట్టకుండా ఆపినా, కట్టాక తీసేసినా ఆక్సాన్లు వాటంతటవి పెరగలేదు. మచ్చను ఉంచి, హైడ్రోజెల్‌లో (నీటితో నిండిన మెత్తటి జెల్) ఎన్‌టీ3, బీడీఎన్ఎఫ్ అనే నరాల్ని పెంచే ప్రోటీన్లు పెట్టి, ఆ ఆక్సాన్ల నరానికి ముందే చిన్న గాయం చేసి పెరిగే గుణాన్ని లేపితే ఇంద్రియ ఆక్సాన్లు (స్పర్శలాంటివి మోసేవి) ఆ మచ్చలోంచే దూసుకెళ్లాయి. లోటు మచ్చలో కంటే న్యూరాన్‌లోనే ఎక్కువ.

అమలాపురం ఫిజియో:
కణాల్ని ఉంచాలి, సరే. గొలుసుల మాట వదలను. కాకపోతే ఎంజైము ఒక్కటే చాలదని మా వైపు నుంచే చెప్తున్నా. 2009లో ఎలుకలకి ఎంజైముతో పాటు ముంగాలితో గింజ అందుకునే తర్ఫీదు ఇస్తే ఆ పని బాగుపడింది. ఉత్త నడక తర్ఫీదు ఇచ్చిన వాటిలో అందుకోవడం ఇంకా దిగజారింది. వదులైన సర్క్యూట్లు ఏ పని చేయిస్తే దానికే బిగుస్తాయి.

భీమవరం కల్చర్:
ఇద్దరికీ ఒక మాట. ల్యాబ్ ఫ్లాస్కులో పెంచిన కణాల పొర మీద గీత గీసి చూసే స్క్రాచ్ టెస్ట్ చూపించి మచ్చ గురించి తీర్పులివ్వద్దు. పిల్ల ఎలుక కార్టెక్స్ (మెదడు పై పొర) నుంచి తీసిన ఆస్ట్రోసైట్లు సీరంలో పెరిగితే గీత గియ్యకముందే రియాక్టివ్ (గాయానికి స్పందించే స్థితిలో) అయి ఉంటాయి. రాత్రంతా 200 ఆర్‌పీఎం మీద షేకర్‌లో తిప్పి మైక్రోగ్లియాను (మెదడులో కాపలా కాసే రక్షణ కణాలు) ఊడగొట్టినా కొంత మిగిలిపోద్ది. అది వదిలే ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్ఎఫ్, సీ1క్యూ అనే మూడు సంకేత ప్రోటీన్లూ కలిస్తే ఆస్ట్రోసైట్ స్వభావమే మారిపోద్ది. ఆస్ట్రోసైట్లను గుర్తుపట్టే జీఎఫ్ఏపీ ప్రోటీన్ రంగు ముదిరిందని "చెడ్డ కణం" అనెయ్యడమూ తప్పే.

కాకినాడ గ్లియా:
ఇంజెక్షన్ పుకారుకి ఒక ఆధారం ఉందండీ. ఇదే ఎంజైముకి కాండోలియేజ్ పేరుతో 2018లో జపాన్ అనుమతిచ్చింది. అయితే జారిన నడుం డిస్కు కోసం, డిస్కులోకే. వెన్నుపాములోకి కాదు. వెన్నుపాములో వాడాలంటే ఒంటి వేడికి కొద్ది రోజుల్లోనే ఎంజైము పని తగ్గిపోద్ది. మళ్లీ మళ్లీ ఎక్కించాలంటే గొట్టం పెట్టాలి, ఇన్‌ఫెక్షన్ భయం.

ఆ ఇళ్లవాళ్లకి ముందు చెప్పాల్సింది వేరే ఉంది. చెట్టు కింద పడ్డ మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కద్దని. తలా మెడా కదలకుండా ఒకరు పట్టుకోవాలి, మిగతావాళ్లు ఒళ్లంతా ఒక్క కట్టుగా పక్కకి దొర్లించి గట్టి పలక మీదికి తియ్యాలి. అక్కడ తెగిన ఆక్సాన్‌ని ఏ ఎంజైమూ అతికించదు.