స్పిండిల్ తిరుగుతున్నప్పుడు మాత్రమే లిమిట్ స్విచ్ అలారం వస్తోంది: ఇంట్లో తయారుచేసుకున్న సీఎన్‌సీ రౌటర్

నంద్యాల_చెక్కపని:

అందరికీ నమస్కారం. ద్వారబంధాల మీద, తలుపు పలకల మీద నగిషీ చెక్కడానికి 600 × 900 మిల్లీమీటర్ల పని వైశాల్యంతో కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే ఒక సీఎన్‌సీ రౌటర్ తయారుచేసుకున్నాను. ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంట్రోల్ బోర్డులో యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ 1.1 ప్రోగ్రాం ఎక్కించి, పైన వైర్లు తగిలించే సీఎన్‌సీ షీల్డ్ వీ3 బోర్డు పెట్టి, దాని స్టెప్, డైరెక్షన్ పిన్ల నుంచి మోటార్లను తిప్పే మూడు టీబీ6600 డ్రైవర్లకు వైర్లు తీసుకున్నాను. మోటార్లు నెమా 23, వాటికి 24 వోల్టుల సప్లై ఇచ్చాను. స్పిండిల్ (చెక్కే పనిముట్టును తిప్పే మోటారు) 1.5 కిలోవాట్లది, దాని వేగాన్ని నియంత్రించే వీఎఫ్‌డీ మీద నడుస్తుంది. అక్షం చివరకు చేరగానే యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్‌లు లీవర్ ఉన్న మామూలు మైక్రోస్విచ్‌లే. వాటి కామన్, ఎన్‌ఓ (నొక్కితేనే కలిసే) కాళ్లకు వైర్లు అతికించాను.

సమస్యలు రెండు. జెడ్ స్విచ్‌ను వేలితో నొక్కినా హోమింగ్‌లో (స్విచ్‌లతో మొదటి స్థానాన్ని వెతుక్కునేటప్పుడు) జెడ్ అక్షం ఆగడం లేదు, ఎక్స్, వై మాత్రం సరిగానే ఆగుతున్నాయి. రెండోది నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. స్పిండిల్ ఆపి ఉంచితే గంటసేపు నడిపినా ఏ ఇబ్బందీ ఉండదు కానీ, స్పిండిల్ తిరుగుతూ ఉంటే ఏ స్విచ్ దగ్గరికీ వెళ్లకుండానే పది నిమిషాల్లోపు ‘అలారం 1’ (లిమిట్ స్విచ్ నొక్కుకుందనే హెచ్చరిక) వచ్చి యంత్రం ఆగిపోతుంది. నిన్న టేకు పలక మీద పద్మం సగం చెక్కిన తరువాత అలాగే ఆగింది. పలక వృథా అయింది. స్విచ్‌లు మార్చాను, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $26 (స్విచ్ కుదుపు ఆగేదాకా వేచి ఉండే సమయం) విలువ పెంచి చూశాను, ఫలితం లేదు. హార్డ్ లిమిట్ రక్షణను ఆన్ చేసే $21 ను సున్నా చేస్తే అలారం రాదని తెలుసు, కానీ రక్షణ లేకుండా నడపడం నాకు ఇష్టం లేదు.

ప్యానెల్_వైరింగ్:

జెడ్ సంగతి తేలికగా తేలుతుంది. మీ షీల్డ్ పాత జీఆర్‌బీఎల్ పిన్ల అమరికకు తయారైనది. దాని మీద జెడ్ లిమిట్ అని రాసి ఉన్న చోటు ఆర్డ్యునో డీ11 పిన్‌కు వెళ్తుంది. 0.9 వెర్షన్ నుంచి స్పిండిల్ వేగాన్ని మార్చే పల్స్ డీ11 నుంచి వస్తుంది కాబట్టి జెడ్ లిమిట్‌ను డీ12 కు మార్చారు. మీ షీల్డ్ మీద స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్ డీ12 కే చేరుతుంది. జెడ్ స్విచ్ వైరును అక్కడికి మార్చండి, అది ఆగుతుంది.

ఇక అలారం. మీ స్విచ్‌లలో దోషం ఉందని నేను అనుకోవడం లేదు. ఎన్‌ఓ పద్ధతిలో స్విచ్ తెరిచి ఉన్నంతసేపూ మీటరు పైగా పొడవున్న ఆ వైరు ఏ ఆధారమూ లేకుండా యాంటెన్నాలా వేలాడుతుంది. దానిని 5 వోల్టుల దగ్గర నిలిపి ఉంచేది ఆర్డ్యునో చిప్‌లోని 20 నుంచి 50 కిలో ఓముల బలహీనమైన పుల్ అప్ రెసిస్టర్ ఒక్కటే. పక్కనే వీఎఫ్‌డీ కేబుల్ ఉంటే దాని విద్యుత్ నాయిస్‌ను తట్టుకోవడం ఆ పుల్ అప్ వల్ల కాదు. $26 పనిచేయకపోవడానికీ కారణం ఉంది: అది హోమింగ్ సమయంలో మాత్రమే వర్తిస్తుంది, పని నడుస్తుండగా వచ్చే హార్డ్ లిమిట్ మీద దాని ప్రభావం ఏమీ ఉండదు.

మూడు స్విచ్‌లనూ ఎన్‌సీ (నొక్కితే విడిపోయే) కాలికి మార్చి, స్విచ్ సంకేతాన్ని తిరగేసి చదివించే $5=1 పెట్టండి. అప్పుడు మామూలు స్థితిలో పిన్ నేరుగా గ్రౌండ్‌కు అతుక్కుని ఉంటుంది, అంత సులభంగా నాయిస్‌కు లొంగదు. వైరు తెగినా, అతుకు ఊడినా యంత్రం వెంటనే ఆగుతుంది, ఎన్‌ఓలో అయితే తెగిన సంగతి గుద్దుకున్నాకే తెలుస్తుంది. ఒక జాగ్రత్త: $5 మూడు అక్షాలకూ ఒకేసారి వర్తిస్తుంది. రెండు మార్చి ఒకటి ఖాళీగా వదిలేస్తే ఆ ఒక్కటీ నొక్కి ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకే అక్షానికి రెండు చివరలా స్విచ్‌లు ఉంటే ఎన్‌సీలో వాటిని సిరీస్‌లో కలపాలి. మార్చాక మోటార్లకు కరెంటు ఇవ్వకముందే జీఆర్‌బీఎల్‌కు ప్రశ్న గుర్తు (?) పంపి, ఒక్కో స్విచ్‌నూ వేలితో నొక్కి, ఆ అక్షం అక్షరం మాత్రమే జవాబులో కనిపిస్తోందో లేదో చూడండి.

దీనికి తోడు ప్రతి లిమిట్ పిన్‌కూ ఆర్డ్యునో దగ్గరే 4.7 కిలో ఓముల రెసిస్టర్ 5 వోల్టులకు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గ్రౌండ్‌కు అతికించండి.

మరొక మాట. ఆ టేకు పలకను పారేయకండి. అలారం తరువాత యంత్రం తన స్థానాన్ని నమ్మదు, కానీ రీసెట్ చేసి మళ్లీ హోమింగ్ చేస్తే అదే మూలకు చేరుతుంది. మీరు పని మూలబిందువును జీఆర్‌బీఎల్ దాచుకునే జీ54 లో పెట్టి ఉంటే అది కరెంటు పోయినా చెరిగిపోదు. పలకను బిగింపు నుంచి కదపకుండా ఉంచితే ఆగిన చోటుకు కొంచెం ముందు నుంచి మళ్లీ చెక్కవచ్చు.

కోఠి_సర్క్యూట్:

పై సలహాలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తున్నాను. రెసిస్టర్, కెపాసిటర్ విషయంలో మాత్రం నా అనుభవం వేరు. చిన్న రౌటర్‌కు అవి చాలు, వీఎఫ్‌డీ ఉన్నచోట నేను ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుతురుతో దాటించే భాగం) లేకుండా స్విచ్ వైరును ఆర్డ్యునో వరకూ తీసుకురాను. 24 వోల్టుల నుంచి 2.2 కిలో ఓముల అర వాట్ రెసిస్టర్, ఎన్‌సీ స్విచ్, పీసీ817 ఆప్టోకప్లర్‌లోని ఎల్‌ఈడీ ఒకే వరుసలో ఉంటే సుమారు 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక క్షణం వచ్చిపోయే నాయిస్‌కు ఆ కరెంటును మార్చే శక్తి ఉండదు. ఆప్టో అవతలి ట్రాన్సిస్టర్ పిన్‌ను గ్రౌండ్‌కు లాగుతుంది కాబట్టి $5=1 అలాగే ఉంటుంది. అయితే స్విచ్‌ల 24 వోల్టుల నెగెటివ్‌ను ఆర్డ్యునో గ్రౌండ్‌తో కలపకూడదు, కలిపితే ఆప్టో పెట్టిన ప్రయోజనమే పోతుంది.

కేబుళ్ల సంగతి ఇంకా ముఖ్యం. స్పిండిల్ కేబుల్, స్విచ్ వైర్లు ఒకే డ్రాగ్ చెయిన్‌లో (కేబుళ్లను మోసే గొలుసులో) వెళ్తున్నాయా? వెళ్తుంటే విడదీయండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. స్విచ్‌లకు షీల్డెడ్ కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ను కంట్రోల్ పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేయండి. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో అది మీటర్ల లెక్కన దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక పరీక్ష చేయండి. అంతా ఆపి, ప్లగ్ తీసి, వీఎఫ్‌డీలోని కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యేవరకూ కనీసం పది నిమిషాలు ఆగి, స్పిండిల్ లోహపు ఒంటికీ వీఎఫ్‌డీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కలిసి ఉంటే బీప్ వస్తుంది) చూడండి. కొన్ని స్పిండిళ్లలో ఎర్త్ కోసం ఉద్దేశించిన నాలుగో పిన్ కనెక్టర్‌లో ఉంటుంది కానీ లోపల ఒంటికి అతికి ఉండదు. అది నాయిస్ సమస్య ఒక్కటే కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

నంద్యాల_చెక్కపని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

మీరు ఊహించినట్టే మీటర్ బీప్ ఇవ్వలేదు. కనెక్టర్ మూత విప్పి చూస్తే నాలుగో పిన్ వెనుక టంకం మెరుస్తూ కొత్తగానే ఉంది, దానికి లోపలి నుంచి వచ్చే వైరే లేదు. స్పిండిల్ బిగింపు బోల్టు కింద పెయింట్ గీకి, రింగు లగ్ పెట్టి, ఆకుపచ్చ వైరును వీఎఫ్‌డీ ఎర్త్ వరకూ లాగాను. ఆ ఒక్క మార్పుతోనే అలారం పది నిమిషాల నుంచి నలభై నిమిషాలకు వెళ్లింది. తరువాత మూడు స్విచ్‌లనూ ఎన్‌సీకి మార్చి, కేబుళ్లను వేరుచేసి, రెసిస్టర్లు, కెపాసిటర్లు పెట్టాను. నిన్న మూడు గంటలు ఏకధాటిగా నడిచింది. జెడ్ కూడా డీ12 మీద ఆగుతోంది. ఆప్టోకప్లర్లు ఇంకా చేతికి రాలేదు, వచ్చాక అవీ పెడతాను.

పలకను ఆ రోజే బిగింపు నుంచి తీసేశాను కాబట్టి అది దక్కలేదు. ఒక సందేహం మిగిలింది: గాంట్రీ (స్పిండిల్‌ను మోస్తూ కదిలే చట్రం) వేగంగా వస్తే స్విచ్ నొక్కుకున్నాక కూడా కొంచెం ముందుకు జారి లీవర్‌ను వంచుతోంది.

ప్యానెల్_వైరింగ్:

స్విచ్‌ను గాంట్రీకి ఎదురుగా కాకుండా పక్కగా బిగించండి. గాంట్రీకి ఏటవాలు ముక్క ఒకటి తగిలిస్తే అది లీవర్‌ను నొక్కుకుంటూ దాటిపోతుంది, గుద్దుకోదు. ఆ పైన $130, $131, $132 లలో మూడు అక్షాల అసలు నిడివులు నింపి $20=1 పెట్టండి. హోమింగ్ అయ్యాక హద్దు దాటే ఆదేశం వస్తే స్విచ్ దాకా వెళ్లకముందే యంత్రం ఆగుతుంది. నిడివిని టేపుతో కొలిచి, దాని నుంచి ఐదు మిల్లీమీటర్లు తగ్గించి రాయండి.