వియన్నాలో మూడు రోజులు: గుడ్డు కూడా తినని అమ్మకు అక్కడ ఏం పెట్టాలి?

ప్రశ్న
అమ్మానాన్న అక్టోబర్‌లో మ్యూనిక్‌లోని మా ఇంటికి వస్తున్నారు. ఒక శుక్రవారం రైల్లో వియన్నా తీసుకెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలనుకుంటున్నాను. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. చూసేవి సంగతి ఎలా ఉన్నా, తిండి గురించే టెన్షన్‌గా ఉంది. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు 1
మా అత్తయ్యగారిదీ మీ అమ్మగారి పద్ధతే. మొదటి పూట బంగాళాదుంప సలాడ్ చెప్పాం. సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఆవాల ఘాటు, పుల్లపుల్లగా బాగుంది. సగం తిన్నాక నాకెందుకో అనుమానం వచ్చి అడిగితే, గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లు పోసి కలుపుతామన్నారు. అత్తయ్య చెంచా పక్కన పెట్టేసి, ఆ రాత్రి మంచినీళ్లతోనే పడుకున్నారు. ముందే అడగనందుకు ఇప్పటికీ బాధే. అందుకే మాంసం వద్దంటే సరిపోదు. 'ఓనె ఫ్లైష్, ఓనె ఐ, ఓనె రిండ్‌సుప్పె' అని జర్మన్‌లో రాసి చూపించండి. మాంసం, గుడ్డు, ఆ మాంసం చారు మూడూ వద్దని అర్థం.

తినుబండారాల బజారు నాష్‌మార్క్ట్‌కి శుక్రవారమే వెళ్లండి. ఫలాఫెల్ (శనగల వడలు), హమ్మస్ (శనగల ముద్ద), ఆలివ్‌లు దొరుకుతాయి. శనివారం పాత సామాన్ల సంత కూడా కలిసి కిటకిటలాడుతుంది, ఆదివారం సెలవు. ఆదివారం సూపర్‌మార్కెట్లు కూడా దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవే దిక్కు. వంటగది ఉన్న గది తీసుకుని శనివారమే పెరుగు కొనిపెట్టుకోండి. ఇండియా నుంచి నెయ్యి, పాల స్వీట్లు తేవద్దని చెప్పండి, రానివ్వరు.

షోన్‌బ్రున్ రాజభవనం తోటలోకి టికెట్ అక్కర్లేదు. ఎదురుగా గుట్ట మీద కనిపించే గ్లోరియెట్ అనే మండపం దాకా మాత్రం నాన్నగారిని ఎక్కించకండి.

జవాబు 2
నడవలేని వాళ్లకి ట్రామ్ 1 మంచిది. కూర్చునే ఒపెరా, పార్లమెంటు చూసేయొచ్చు. నేనైతే ఒక పూట మొత్తం పాత చిత్రాలుండే కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియానికే ఇస్తాను. చిత్రకారుడు బ్రూగెల్ 1565లో గీసిన 'మంచులో వేటగాళ్లు' బొమ్మ అక్కడే ఉంది. వేటగాళ్ల వెనక తలలు వేలాడేసుకుని నడిచే కుక్కల్ని చూడండి, వాటి అలసట మన కాళ్లకి తెలుస్తుంది. తర్వాత కింద గడ్డకట్టిన చెరువు మీద ఆడుకుంటున్న చిన్నచిన్న మనుషుల్ని చూపించండి. మా నాన్న అక్కణ్ణుంచి అరగంట కదల్లేదు.

నీళ్ల సీసాలు కొనకండి. 1873 నుంచి ఆల్ప్స్ ఊటల నీళ్లే ఆ ఊరి కుళాయిల్లోకి వస్తున్నాయి. కాఫీ హౌస్‌లో కాఫీతో పాటు గ్లాసుడు నీళ్లు పెడతారు. ఒక్క కాఫీ చెప్పి ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. అక్టోబర్ అంటున్నారు కాబట్టి, వీధుల్లో 'మరోని' బండ్లు కనిపిస్తే ఆగండి. గాటు పెట్టి కాల్చిన చెస్ట్‌నట్‌లు వేడివేడిగా పొట్లంలో పోసిస్తారు. రుచి ఇంచుమించు కాల్చిన చిలగడదుంపలా ఉంటుంది. అమ్మగారు ఏ అనుమానం లేకుండా తినొచ్చు.

ప్రశ్న అడిగినవారు
ఆ సలాడ్ సంగతి తెలియకపోతే నేనూ అదే ఆర్డర్ చేసేదాన్ని. ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. వంటగది ఉన్న గది ఇప్పుడే బుక్ చేశాను.