గుంటూరు వైపు పాత రైల్వే సిగ్నల్ క్యాబిన్: సిమెంటు పూత ఎలా తీయాలి?

రెండంతస్తుల క్యాబిన్. పైన మూడు వైపులా కిటికీలు, లీవర్ ఫ్రేమ్ (చేత్తో లాగే మీటల వరస): ఎరుపు లీవర్లు సిగ్నళ్లకు, నలుపువి పట్టాల దారి మార్చే పాయింట్లకు, నీలం ఆ పాయింట్లను కదలకుండా పట్టే లాకులకు, తెల్లవి వాడనివి. కింద ఇంటర్‌లాకింగ్ గది, అంటే ఒకదానికొకటి పొసగని లీవర్లు కలిసి పడకుండా ఆపే యంత్రం ఉండే చోటు.

చిక్కంతా కింది గోడతోనే. డంగు సున్నంతో కట్టిన ఇటుక మీద ఎవరో సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోలేక ఉప్పు పేరుకుని ఇటుక పొరలు పొరలుగా రాలుతోంది. లీవర్ల నుంచి పాయింట్లకు, సిగ్నళ్లకు రాడ్లు, తీగలు బయటికెళ్లే కంత కూడా మూసేశారు, గాలాడేదే అక్కడినుంచి!

సుత్తి వేస్తే పూతతోపాటు ఇటుక ముఖమూ ఊడొస్తోంది. సన్న ఉలితో అతుకుల దగ్గర మొదలుపెడితే నయమా? కొత్త పూతకు 1 పాలు సున్నానికి 3 పాళ్ల ఇసుక చాలా, ఇటుక పొడి కూడా కలపాలా? మన ఎండలకి తడి గోనెలు ఎన్నాళ్లు కప్పాలి? ఈ పని చేయించినవాళ్లు చెప్పగలరు.